కుడి పక్క సీటు

నూకరత్నం,
నీతో ఎప్పుడూ చెప్పలేదు గానీ
నాకు భయం ఆకాశమంటే కాదు.
బోల్టులంటే.

పద్దెనిమిదేళ్లుగా డీజిల్ షెడ్డులో
ఇంజన్ల కడుపుల కింద వెల్లకిలా పడుకుని బతికినవాణ్ణి.
చేత్తో బిగించింది ఎలా వదులవుతుందో తెలుసు.
వెంట్రుకంత పగులు
ఎక్కడ పుట్టి ఎటు పాకుతుందో తెలుసు.
రైలింజన్ ఆగిపోతే పట్టాల మీదే ఆగుతుంది,
కొత్తవలస దగ్గరో ఎక్కడో.
టీ తాగి, నన్ను పిలుస్తారు.
నీది ఆగితే ఎవర్ని పిలుస్తారు?

అందుకే మూడేళ్లు ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను.
ఓసారి పంటి నొప్పి.
ఓసారి మేనత్త మనవరాలి ఓణీల ఫంక్షను,
ఆ పిల్లకి అప్పటికి నాలుగేళ్లు.
నువ్వు నవ్వి ఊరుకున్నావు.
"యారాడ కొండ మీద మబ్బుంది" అన్నాను ఓ ఆదివారం.
కిటికీలోంచి చూసి
"అది మబ్బు కాదు, ఎవరో ఎండుటాకులు తగలబెడుతున్నారు" అన్నావు.

మొన్న మాత్రం సాకు దొరకలేదు.

తెల్లారి ఐదున్నర.
నీ విమానాన్ని చూస్తే ముందు నవ్వొచ్చింది,
తర్వాత నోరెండిపోయింది.
మా షెడ్డులో పనిముట్ల గది దీనికన్నా పెద్దది.
తలుపు గడియ మన స్కూటర్ డిక్కీకన్నా నాజూకు.

నువ్వు నాతో మాట్లాడలేదు.
దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టావు.
జ్వరం చూసినట్టు రెక్క వెంట అరచేయి ఆనించి నడిచావు.
ఒక్కో రివెట్టు దగ్గర వేలు ఆగింది.
రెక్క కింద వంగి
గాజు గొట్టంలోకి కాస్త పెట్రోలు వదిలి
అడుగున నీటిబొట్టుందేమోనని
పొద్దుకి ఎత్తి పట్టుకున్నావు.
ఆ లేత నీలంలోంచి నీ కన్నొకటి పెద్దదై కనబడింది.

అప్పుడు చూశాను
నీ గోళ్ల కింద గ్రీజు.
ఏడేళ్లుగా ఒకే సబ్బు ముక్కతో
సింకు దగ్గర ఇద్దరం కడుక్కుంటున్నదే.
నీది ఎక్కడిదని నేనెప్పుడూ అడగలేదు.

"ఇటు రా. ఇది బిగుతుగా ఉందో లేదో నువ్వు చూడు."
వంగి, పట్టుకుని, ఊపాను.
కదల్లేదు.
"మళ్లీ చూడు."
మళ్లీ ఊపాను.
మూడేళ్లుగా ఖాళీగా కూర్చున్న నా భయానికి
ఓ పని దొరికింది.

అయినా చక్రాలు నేల వదిలినప్పుడు
ఇవేవీ గుర్తు లేవు.
నా పొట్ట మేఘాద్రిగెడ్డ దగ్గరే దిగిపోయింది.
నూకాలమ్మకి కోడినీ, అప్పన్నకి తలనీలాలనీ
ఒకే ఊపిరిలో మొక్కేశాను.
పట్టుకోడానికి ఏమీ దొరక్క
నా మోకాలే పట్టుకున్నాను.
నువ్వేమో రేడియోలో ఎవరితోనో
పూర్ణా మార్కెట్లో వంకాయలు బేరమాడే గొంతుతో.

డాల్ఫిన్స్ నోస్ దాటుతుంటే
గాలి కింద నుంచి ఒక్క గుద్దు గుద్దింది.
నేను అరిచానా? అరిచే ఉంటాను.
"కొండగాలి. మర్రిపాలెం గతుకుల్లో ఆటో అనుకో."
నీ రెండు వేళ్లే ఉన్నాయి దాని మీద.
పిడికిలి కాదు. రెండు వేళ్లు.
బిగించడమే తెలిసినవాణ్ణి,
ఆ రెండు వేళ్లకేసే చూస్తూ కూర్చున్నాను.

ఎప్పుడు కిందికి చూశానో తెలీదు.
ఖనిజం ఎరుపు పులుముకున్న రేవు.
యారాడ ఇసుక పక్కన నురుగు గీత,
ఎవరో సుద్దముక్కతో గీసి, నచ్చక చెరిపి, మళ్లీ గీస్తున్నట్టు.
కంచరపాలెం వైపు పట్టాలు,
వాటి కొసన మా షెడ్డు, బొటనవేలి గోరంత.
అందులో ఈ పూట డ్యూటీ ఎవరిదా అనుకున్నాను.
అలా అనుకుంటున్నంతసేపూ భయపడ్డం మర్చిపోయాను.
గుర్తురాగానే మళ్లీ భయపడ్డాను.

దిగాక కాళ్లు నావి కావు.
గోపాలపట్నంలో ఇడ్లీ, బొంబాయి చట్నీ.
"ఎలా ఉంది?" అన్నావు.
"ఎడమ చక్రం దగ్గర సన్నగా ఏదో మోత."
నువ్వు తినడం ఆపేశావు.
"బ్రేకు ప్యాడ్. పుస్తకంలో రాశాను.
నీకెలా వినబడింది?"

ఎలా వినబడదు, రత్నం?
వచ్చే ఆదివారం కూడా నా భయాన్ని వెంటేసుకొస్తాను,
వెనక రెండు సీట్లూ ఖాళీయే కదా.
దాని బెల్టు మాత్రం
నేనే బిగిస్తాను.